కొబ్బరి చేవ తెలిసిన మేస్త్రి

కొబ్బరితోటలో చిన్న కర్ర ఇల్లు కట్టే పని ఒప్పుకున్నారా? మొదటి రోజే టేపు పట్టకండి. తోటంతా ఒకసారి తిరిగి రండి. కోనసీమలో చెట్టుకీ చెట్టుకీ మధ్య ఇంచుమించు పాతిక అడుగులు వదులుతారు. పద్నాలుగు అడుగుల వెడల్పు ఇల్లు ఒక్క చెట్టూ కొట్టకుండా ఆ వరసలో పడుతుంది. వెడల్పు చాలదంటే పొడవు పెంచండి. ఇంటిమీదికి వాలే గెలలు ఎండేదాకా ఉంచకుండా దింపు తీయించాలని యజమానికి ముందే చెప్పండి, లేకపోతే పెంకులు దక్కవు.

తర్వాత నీటి మట్టం. లంకల్లో, ఏటిగట్టు లోపల అయితే 1986 ఆగస్టు వరద ఎంతెత్తు వచ్చిందో ఊరి పెద్దల్ని అడగండి. అరుగు దానికి పైనే ఉండాలి.

ఇక కలప. అరవై ఏళ్లు దాటి కాపు తగ్గిన కొబ్బరిచెట్టు మంచి కలప ఇస్తుంది, కానీ మొద్దంతా కలప కాదు. మొదలు దగ్గర కోసిన ముఖాన్ని దగ్గరగా చూడండి. అంచున ముదురు చుక్కలు ఒత్తుగా ఉంటాయి, నడిమికి వెళ్లేకొద్దీ పలచబడతాయి, మధ్యలో లేతరంగు బెండు. చుక్కలు ఒత్తుగా ఉన్నదే చేవ. గోరుతో గీసి చూస్తే తేడా తెలిసిపోతుంది. స్తంభాలకీ దూలాలకీ చేవే వాడాలి. బెండు బరువు మోయదు. కొట్టిన మొద్దును తోటలో వదిలేయకండి, బూజు పడుతుంది. వెంటనే మిల్లుకి పంపి, పలకల్ని నీడలో సందులుంచి పేర్చండి. చేవకి మేకు నేరుగా కొడితే చీలుతుంది, ముందు బెజ్జం వేయాలి.

నేను చూసిన ఒక వసారాలో కొబ్బరి స్తంభాలను మట్టిలోనే పాతారు. మూడో వర్షాకాలానికి మొదళ్లు వేలితో నొక్కితే పొట్టులా రాలాయి. పని చేసినవాడు మంచి వడ్రంగే, ఆ ఒక్క విషయం అతనికి ఎవరూ చెప్పలేదు. స్తంభం కింద అడుగెత్తు రాయో కాంక్రీటు దిమ్మో ఉండి తీరాలి. లోపలి కర్రకి బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించవచ్చు. వాన తగిలేచోట ఆ మందు కడుక్కుపోతుంది, అక్కడ జీడినూనె మేలు. చేతికి తగిలితే పొక్కుతుంది, తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను తెలిసినవాళ్లకి గాలి గురించి చెప్పనక్కర్లేదు. మన తీరానికి గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లుగా లెక్క వేయాలని ప్రమాణాలు చెబుతున్నాయి. కప్పు నాలుగు వైపులా వాలుండాలి. చూరు అడుగున్నర మించకూడదు. వాసం నుంచి పునాది దాకా జింకు పూత పట్టీలతో, బోల్టులతో బిగించండి. ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు. అంచు పెంకులను తీగతో పట్టెలకి కట్టండి. వసారా కప్పు విడిగా వేస్తే, లేచినా అదొక్కటే లేస్తుంది.

ఎస్టిమేటులో పట్టీలు, నూనె, కలప ఆరే రోజులు విడివిడిగా రాయండి. కలిపేస్తే బేరంలో ముందు ఎగిరిపోయేవి అవే.

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఎక్కడైనా పాత మండువా లోగిలి విప్పుతున్నారని తెలిస్తే, ఆ పూట కూలి పోయినా వెళ్లి చూడండి. దూలం స్తంభంలోకి ఎలా దిగిందో విప్పేటప్పుడే కనపడుతుంది.