దోర పండు, పదునైన కత్తి

కాకినాడ

చిరంజీవి అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఆస్టిన్ వెళ్లిన మూడు నెలలకే మామిడి సల్సా చేసి పదిమందికి పెట్టావంటే చాలా సంతోషమేసింది. కానీ గిన్నె అడుగున నిలిచిన నీరూ, చిక్కటి గుజ్జూ చూసి మనసు ఒప్పుకోలేదు. "మిక్సీలో ఒక్క తిప్పు తిప్పానంతే పెద్దమ్మా" అన్నావు. ఆ ఒక్క తిప్పుతోనే ముక్క పోయింది. అందుకే ఫోన్లో రెండు మాటలతో సరిపెట్టకుండా ఇంత ఉత్తరం రాస్తున్నాను.

హ్యూస్టన్‌లో ఉన్న 18 ఏళ్లలో నాకు దక్కిన మంచి వంటల్లో ఇదొకటి. పక్కింటావిడ నేర్పింది. ఆవిడది మెక్సికోలో వెరాక్రూజ్ రాష్ట్ర రాజధాని హలాపా. నువ్వు వాడిన హలపేన్యో మిరపకాయకు ఆ ఊరి పేరే వచ్చింది. సల్సా అంటే స్పానిష్‌లో సాస్ అనే అర్థం. మన మాటలో చెప్పాలంటే నంజుకునేది. వాళ్లకూ రోలు ఉంది, తెలుసా? మోల్కహెతే అంటారు. అగ్నిశిలతో చేసిన మూడు కాళ్ల నల్లరోలు. టమాటాలు, మిరపకాయలు కాల్చి అందులో నూరితే వచ్చే సల్సా మన రోటి పచ్చడికి తోబుట్టువే. కాబట్టి నూరడం తప్పని నేననను. పండు సంగతి వేరు. పండు సల్సాలో మామిడి మామిడిగా, ఉల్లి ఉల్లిగా పంటికి తగలాలి. దానికి కత్తే కావాలి, అదీ పదునైనది. మొద్దు కత్తి ముక్కను కోయదు, నలిపేస్తుంది. నలిగిన చోటల్లా రసం కారుతుంది.

ఇక పండు. అసలు కథంతా ఇక్కడే ఉంది. మీ దగ్గరి కొట్లలో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఎర్రటి చెంపతో పెద్దగా ఉండేది టామీ ఆట్కిన్స్. దాని ఎరుపు చూసి మోసపోకు, ఆ రంగుకూ పక్వానికీ సంబంధం లేదు. పైగా పీచు ఎక్కువ. పసుపు రంగులో, చిన్నగా, కొంచెం వంపు తిరిగి ఉండేది అటావుల్ఫో. హనీ మ్యాంగో అని కూడా రాస్తారు. మెక్సికో దక్షిణాన చియాపాస్ రాష్ట్రంలో పుట్టిన రకం. టెంక పలచన, పీచు దాదాపు ఉండదు. మార్చి నుంచి జూలై దాకా బాగా దొరుకుతుంది. అది కొను. తోలు బంగారు రంగుకు తిరిగి ముడతలు పడిందంటే పూర్తిగా మాగిందన్నమాట. అది కోసుకు తినడానికి బాగుంటుంది గానీ సల్సాకు పనికిరాదు. మనకు కావలసింది దోర పండు. వేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి, గుంట పడకూడదు. నువ్వు బాగా మాగినవి కొన్నావని ఫొటోలోనే తెలిసింది.

తొడిమ దగ్గర సొన ఉంటే కడిగి తుడువు. తోలు తీసి, టెంకకు రెండు వైపులా చెక్కలు కోసి, అర అంగుళం కన్నా చిన్న ముక్కలు చెయ్యి. ఒక టోర్టియా చిప్ మీద మూడు నాలుగు నిలవాలి. టెంకకు అంటిన గుజ్జును గీకి ఇందులో కలపకు, అది నువ్వు తినెయ్యి.

నలుగురికి రెండు అటావుల్ఫో పండ్లు చాలు. చిన్న ఎర్ర ఉల్లిపాయలో సగం సన్నగా తరిగి, చన్నీళ్లలో పది నిమిషాలు ఉంచి పిండు. దాని ఘాటు తగ్గి పండు రుచిని మింగెయ్యదు. ఒక హలపేన్యో. కారం ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, అవి అంటుకుని ఉండే తెల్లటి భాగంలో. అది తీసేస్తే కారం తగ్గుతుంది. ధైర్యముంటే హబనేరో చిన్న ముక్క వేసుకో, దాని వాసనే పండు వాసనలా ఉంటుంది, మామిడికి ఎంతో నప్పుతుంది. కానీ దాన్ని ఒట్టి చేతులతో తాకకు. నేనొకసారి తరిగి కన్ను తుడుచుకుని ఆ సాయంత్రమంతా మంటతో ఏడ్చాను. చేతికి కారం అంటితే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడుగు. ఆ కారం నూనెలో కరిగినట్టు నీళ్లలో కరగదు.

గుప్పెడు కొత్తిమీర, లేత కాడలతో సహా. నిమ్మకాయకు బదులు పసుపు లెమన్ వేశావనుకుంటాను. వద్దు. మెక్సికన్ కొట్లలో కీ లైమ్ అని సంచుల్లో అమ్మే చిన్న కాయలు మన నిమ్మకాయలే. ఆసియా నుంచి స్పెయిన్ వాళ్లతో అమెరికా ఖండాలకు చేరాయి. మామిడీ మన వైపు నుంచి వెళ్లిందే. మిరపకాయ మాత్రం అక్కడి నుంచి పోర్చుగీసు వాళ్లతో మన దగ్గరికి వచ్చింది. మిరప రాకముందు మనవాళ్లు కారానికి మిరియాలు వాడేవారు.

ఉప్పు, నిమ్మరసం మాత్రం వడ్డించే పది నిమిషాల ముందే. మాగాయ ముక్కలకు ఉప్పు రాస్తే ఊట ఎలా వస్తుందో చూశావుగా? ఇక్కడా అదే జరుగుతుంది. నువ్వు రాత్రే కలిపి పెట్టి మర్నాడు పార్టీకి తీసుకెళ్లావు. ఆ నీరు అందుకే. ముక్కలు విడిగా తీసుకెళ్లి అక్కడే కలుపు. ఉప్పు పావు చెంచాతో మొదలుపెట్టి రుచి చూసుకో. అలవాటు కొద్దీ పోపు పెట్టకు తల్లీ. ఇది పచ్చి పండు వాసనతో తినాల్సింది.

బల్ల మీద రెండు గంటలకు మించి ఉంచకు. టెక్సాస్ ఎండలో, ఆరుబయట అయితే గంటే. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినెయ్యి. ఆవకాయలా సీసాలో నిలవ చేద్దామని మాత్రం అనుకోకు. ఆవకాయను కాపాడే ఉప్పు, పులుపు, నూనె ఇందులో ఆ మోతాదులో లేవు.

చేపతో, కాల్చిన కోడితో దీని రుచే వేరు. నేను పెరుగన్నంలో కూడా నంజుకునేదాన్ని. వేసవిలో మీకు దగ్గర్లోనే ఫ్రెడరిక్స్‌బర్గ్ పీచ్ పండ్లు వస్తాయి. అవీ దోరగా ఉన్నప్పుడు ఇలాగే చేసుకోవచ్చు.

ఈ శనివారం నీ ఒక్కదానికోసమే చెయ్యి. మిక్సీ అలమరలోనే ఉండనీ. తిన్నాక ఫోన్ చెయ్యి, నేను మెలకువగానే ఉంటాను.

ఇట్లు
మీ పెద్దమ్మ