తుప్పు పట్టిన బోల్టు ఎందుకు కదలదు? ఎలా కదులుతుంది?

నాట్ల సమయంలో పొలం దగ్గర పంపు మొరాయించింది. లోపలి సీలు మార్చాలంటే కేసింగు బోల్టులు విప్పాలి. మూడు సులువుగా వచ్చాయి, నాలుగోది కదల్లేదు. గట్టిగా తిప్పితే పానా జారి, బోల్టు తల మూలలు అరిగి గుండ్రమయ్యాయి. ఇంకా బలం పెడితే బోల్టు విరిగి, సగం కేసింగులోనే ఉండిపోవచ్చు. అరపూట పని అప్పుడు రోజుల పని అవుతుంది. అందుకే తిప్పే బలం పెంచేముందు, బోల్టును పట్టి ఉంచిన బలాన్ని తగ్గించాలి.

పట్టు ఎక్కడిది?

తేమ ఉన్నచోట ఇనుము ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మారుతుంది. కరిగిపోయిన ఇనుము కంటే తుప్పు రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య అంత చోటు లేదు కాబట్టి అది మేకులా బిగుసుకుంటుంది. కొత్త బోల్టులో కూడా మనం పానాపై పెట్టే శ్రమలో సుమారు పదో వంతే బిగింపుగా మారుతుంది. మిగతాది తల కింద, మరల మధ్య ఘర్షణకే ఖర్చవుతుంది. తుప్పు ఆ ఘర్షణను మరింత పెంచుతుంది.

వరుసగా చేయవలసినవి

ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. తుప్పును వైరు బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే పల్చటి నూనె వేసి రాత్రంతా ఉంచాలి. దీపపు వత్తి నూనెను పీల్చినట్టే, సన్నని సందులు కేశనాళికా చర్యతో దాన్ని లోపలికి లాక్కుంటాయి. తలపై సుత్తితో తట్టితే తుప్పు పగిలి నూనెకు దారి దొరుకుతుంది.

తర్వాత కొత్త పట్టు కావాలి. తలకు ఎదురెదురు వైపులా ఆకురాయితో రెండు పలకలు తీయవచ్చు. లేదా కాస్త చిన్న ఆరు మూలల సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కించవచ్చు. ముందు కొద్దిగా బిగించే వైపు, ఆపైన విప్పే వైపు తిప్పితే తుప్పు పొర తెగుతుంది.

అప్పటికీ రాకపోతే వేడి. బండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి ఎక్కించడంలో ఉన్న సూత్రమే ఇది: వేడి చేస్తే రంధ్రం కూడా పెద్దదవుతుంది. 20 మిల్లీమీటర్ల రంధ్రమున్న ఉక్కు నట్టును 200 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కిస్తే, రంధ్రం సుమారు 0.05 మిల్లీమీటరు పెరుగుతుంది. అంత కదలికే తుప్పును పగలగొట్టగలదు. అందుకే బోల్టును కాక, దాని చుట్టూ ఉన్న లోహాన్ని వేడి చేయాలి. అయితే పోత ఇనుము ఒకేచోట త్వరగా వేడెక్కితే పగలవచ్చు, నూనెకు నిప్పంటుకోవచ్చు. నూనె పూర్తిగా తుడిచి, రబ్బరు సీళ్లకు, ఇంధనానికి దూరంగా, నెమ్మదిగా వేడి చేయాలి.

తల పూర్తిగా అరిగిపోతే దానిపై ఒక నట్టును వెల్డింగ్ చేయిస్తే పట్టూ వేడీ రెండూ అందుతాయి. డ్రిల్లుతో తొలచడం చివరి మార్గం.

తిరిగి బిగించేటప్పుడు మరలకు గ్రీజు రాయండి. ఘర్షణ తగ్గుతుంది కాబట్టి అదే శ్రమకు బిగింపు పెరుగుతుంది. కనుక మునుపటి కంటే కాస్త తక్కువ బలం చాలు.