‘ఏమో’ అనిన విశ్వాసము

వేదభాగము: 1 సమూయేలు 13:15 – 14:23
తోడుగా చదువవలసినవి: యెహోషువ 14:6–15; మత్తయి 4:5–7; 1 సమూయేలు 23:15–18

యెరూషలేమునకు ఈశాన్యదిశగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున, కొండసీమ ముగిసి యూదా అరణ్యము ఆరంభమగు అంచున, రెండు గ్రామములు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నవి. ఉత్తరమున ఉన్నది ముఖ్మాస్, దక్షిణమున ఉన్నది జబా. రెండును నేడు పాలస్తీనీయుల గ్రామములు. 1838లో ఆ దేశమున సంచరించిన అమెరికా పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్, బైబిలులోని మిక్మషు, గెబ అను ప్రాచీన నామములు ఈ పేర్లలో నిలిచియున్నవని గుర్తించెను. రెండింటి నడుమ దూరము మూడు కిలోమీటర్లకు మించదు. అయితే ఆ నడుమ వాది సువైనిత్ అను లోయ అడ్డుగా ఉన్నది. వాది అనగా వానకాలమున మాత్రమే నీరు పారు ఏటిలోయ. ఇది తూర్పునకు సాగినకొలది లోతై, సున్నపురాతి గోడల నడుమ ఇరుకైన కనుమగా మారును. పిమ్మట వాది కెల్ట్ లోయతో ఏకమై యెరికో మైదానమునకు దిగును. మిక్మషు సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున ఉండగా, యెరికో సముద్రమట్టమునకు సుమారు 250 మీటర్ల దిగువన ఉన్నది. ఇంత కొద్ది దూరములో ఇంత దిగుడు ఉన్నందుననే ఆ లోయ అంత నిటారుగా కోయబడినది.

ఒక దినమున ఇద్దరు మనుష్యులు ఈ కనుమలోనికి దిగి, ఎదుటి గోడను చేతులతోను కాళ్లతోను ప్రాకుచు ఎక్కిరి. ఆ ఎక్కుట ఒక జనాంగపు చరిత్రను మార్చినది. వారు సౌలు కుమారుడైన యోనాతాను, అతని ఆయుధములు మోయు యౌవనుడు. ఈ పాఠములో ఆ దారిని అడుగడుగున పరిశీలించుట మంచిది. ఏలయనగా ఆ దారిని చూడనివానికి యోనాతాను పలికిన మాట బరువు తెలియదు.

1. దానిమ్మచెట్టు క్రింద కూర్చున్నవారు

ఆ దినమున ఇశ్రాయేలు సేన స్థితి దయనీయమైనది. సౌలుతో నిలిచినవారు సుమారు 600 మంది. మిగిలినవారు గుహలలోను పొదలలోను గోతులలోను దాగిరి. కొందరు యొర్దాను దాటిపోయిరి. ఇనుప పని ఫిలిష్తీయుల చేతిలో ఉండెను. సౌలునకును యోనాతానునకును తప్ప జనులలో ఎవనికిని కత్తి గాని యీటె గాని లేదు. రైతు తన నాగటి నక్కును పదును పెట్టించుకొనవలెనన్నను శత్రువునొద్దకే పోవలెను.

ఇక్కడ హెబ్రీ మూలములో ‘పీమ్’ అను మాట ఉన్నది. బైబిలులో మరెక్కడను ఇది కనిపించదు. 1611 నాటి ఆంగ్ల అనువాదకులు దీని అర్థము తెలియక ఆకురాయి అని ఊహించి వ్రాసిరి. ఇరువదవ శతాబ్దములో పాలస్తీనా త్రవ్వకములలో ఇదే మాట చెక్కబడిన చిన్న తూనికరాళ్లు దొరికినవి. ఒక్కొక్కటి 7 నుండి 8 గ్రాముల బరువు, అనగా తులమునకు సుమారు మూడింట రెండు వంతులు. కాబట్టి ‘పీమ్’ అనునది పదును పెట్టినందుకు చెల్లించిన వెండి. బానిసత్వము సంకెళ్లతో మాత్రమే రాదు, ఇట్టి చిన్న చెల్లింపులతో కూడ వచ్చును.

రాజు దానిమ్మచెట్టు క్రింద దిగియుండెను. ఏఫోదు ధరించిన యాజకుడు అతనియొద్ద ఉండెను. సేన ఉన్నది, యాజకుడు ఉన్నాడు, ఆచారము ఉన్నది. అడుగు మాత్రము పడలేదు.

2. రెండు సూదిగట్లు

గ్రంథకర్త ఇక్కడ కథను ఆపి, ఆ స్థలమును శ్రద్ధగా వర్ణించుచున్నాడు. కనుమకు ఇవతల ఒకటి, అవతల ఒకటి, రెండు శిఖరములు. ఒకదాని పేరు బొస్సేసు, రెండవదాని పేరు సెనే. హెబ్రీ భాషలో వీటిని ‘రాతి పన్ను’ అని చెప్పిరి. తెలుగు అనువాదకులు ‘సూదిగట్టు’ అనిరి. పన్ను అనినను సూది అనినను భావమొక్కటే: మొన తేలినది, కాలు నిలువనిది. యోబు గ్రంథములో పక్షిరాజు నివసించు చోటును వర్ణించుటకు ఇదే ‘రాతి పన్ను’ వాడబడినది. పక్షి నిలుచు చోట మనుష్యుడు ఎక్కవలెను.

సెనే అనగా ముండ్లపొద. మోషే మండుచుండగా చూచిన పొదకును హెబ్రీలో ఇదే పేరు. బొస్సేసు అనగా మెరయునది అని పలువురు పండితుల అభిప్రాయము. ఉత్తరపు గోడ దక్షిణమునకు తిరిగియున్నందున దినమంతయు ఎండ దానిపై పడును. ఎదుటి గోడ నీడలో ఉండును. ఆ పేరు ఈ కారణముచేత కలిగినదని తలంచుట సమంజసముగా ఉన్నది.

ఈ కనుమను దాటుటకు మరియొక బాట కలదు. లోయ అంత లోతుగా లేని చోట మనుష్యులును సామగ్రియు దాటగలరు. అష్షూరు సేన తన సామగ్రిని మిక్మషులో ఉంచి కనుమ దాటి గెబలో బసచేయునని యెషయా 10వ అధ్యాయములో చెప్పినది ఇట్టి దారినే. ఫిలిష్తీయుల కావలి కన్ను దానిపైననే ఉండుట సహజము. యోనాతాను గోడనే ఎంచుకొనెను. శత్రువు దండు మూడు మొనలుగల కొండకొమ్ముపై దిగియుండెననియు, ఎవడును ఎక్కలేడని కావలి వారు అలక్ష్యము చేసిన వైపుననే యోనాతాను ఎక్కెననియు మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు యోసేపస్ వ్రాసెను.

1918 ఫిబ్రవరిలో బ్రిటిషు సేన యెరికోవైపు నడచుచు ముఖ్మాస్ ఎదుట నిలిచెను. ఆ సేనలోని వివియన్ గిల్బర్ట్ అను అధికారి 1923లో ప్రచురించిన గ్రంథములో ఒక సంగతి చెప్పెను. మిక్మషు అను పేరు ఎక్కడనో చదివినట్లు ఒక అధికారికి తోచినదట. అతడు రాత్రివేళ కొవ్వొత్తి వెలుగులో సమూయేలు గ్రంథము తెరచి, ఆ దారిని కనుగొని, సేనాపతిని మేల్కొలిపెనట. అందుమీదట పెద్ద సేనకు బదులు చిన్న పటాలము ఆ దారిని పోయి స్థలమును పట్టుకొనెనని అతని కథనము. చదువరులు ఈ కథను విని ఆనందించుట సహజమే. అయితే గ్రంథము యుద్ధపటముగా ఇయ్యబడలేదు. యోనాతాను త్రొక్కిన దారిని ఎవడైనను అనుకరింపవచ్చును. అతని నోటనున్న ఒక చిన్న మాటను అనుకరించుటయే కష్టము.

3. ‘ఏమో’ అను మాట

ఎక్కుటకు ముందు యోనాతాను తన సహచరునితో చెప్పినదేమి? యెహోవా తమ పక్షమున కార్యము చేయునేమో అని. అనేకులచేతనైనను కొద్దిమందిచేతనైనను రక్షించుటకు ఆయనకు అడ్డమేమియు లేదని. హెబ్రీలో మొదటి మాట ‘ఊలై’, అనగా ఒకవేళ. తెలుగు బైబిలులో ఇది క్రియ చివర చేరిన ‘ఏమో’గా నిలిచినది. చదువరి కన్ను దానిని సులభముగా దాటిపోవును. గాని ఈ వచనపు కీలు అక్కడనే ఉన్నది.

సాధారణముగా ‘ఏమో’ సందేహపు మాట. “వచ్చునేమో” అనువాడు గుమ్మమునొద్దనే కూర్చుండును. యోనాతాను ‘ఏమో’ అని లేచెను. ఒకే వాక్యములో అతడు రెండు సంగతులను వేరుపరచెను. దేవుని శక్తినిగూర్చి అతనికి ఏ ‘ఏమో’యు లేదు, ఆయనకు అడ్డము లేదని నిశ్చయముగా పలికెను. ఈ దినమున, ఈ గట్టుమీద, తన ద్వారా దేవుడు ఏమి చేయునో అను విషయమున మాత్రము ‘ఏమో’ అనెను. అది అవిశ్వాసము కాదు, వినయము. దేవుని చిత్తమును తన జేబులో పెట్టుకొన్నట్లు మాటలాడువాడు ధైర్యవంతుడుగా కనబడవచ్చును. కాని అతడు దేవునికి స్వాతంత్ర్యము మిగుల్చుట లేదు.

ఎనుబదియైదేండ్ల కాలేబు హెబ్రోను కొండసీమను అడిగినప్పుడు కూడ హెబ్రీలో ఇదే ‘ఊలై’ వినబడును. ప్రాకారములుగల పట్టణములు అక్కడ ఉన్నవని అతడెరుగును. యెహోవా తనకు తోడైయుండునేమో, అప్పుడు వారిని వెళ్లగొట్టుదునని అతని ఆశ. ముదిమిలో ఒకడు, యౌవనములో ఒకడు. ఇద్దరికిని కొండ ఒకటి, మాట ఒకటి.

4. ఖాళీ చేతులు

పిమ్మట వారిద్దరు శత్రువునకు తమ్మును తాము అగుపరచుకొనిరి. రహస్యముగా ఎక్కువానికి ఉన్న ఒక్క రక్షణయు వదలుకొనబడెను. కావలివారు “ఉండుడి, మేము వచ్చెదము” అను భావముతో పలికినయెడల నిలిచిపోవలెను. “రండి” అనినయెడల ఎక్కవలెను. ఇదియే గురుతు. అనగా ఆగిపోవుటకును అతడు సిద్ధముగా ఉండెను. హెబ్రీయులు తమ గోతులలోనుండి బయటికి వచ్చిరని కావలివారు హేళన చేసి, రమ్మని పిలిచిరి. ఆ హేళనయే యోనాతానునకు పిలుపు ఆయెను.

గోడ ఎక్కువానికి చేతులు రెండును కావలెను. రాతిని పట్టిన చెయ్యి ఖడ్గమును పట్టలేదు. ఒక కాలు స్థిరమైన పిదపనే రెండవ కాలు కదలవలెను. చేతికి అందిన రాయి ఊడునో నిలుచునో పరీక్షింపక దానిపై బరువు వేయరాదు. ఇంత శ్రమ చేసినవాడు, విజయము తన చేతిలో లేదని ముందే ఒప్పుకొన్నవాడే. నమ్మిక పనిని తప్పించదు, ప్రయాస నమ్మికను త్రోసివేయదు.

ఇక్కడ మరియొక శిఖరము జ్ఞాపకమునకు వచ్చును. శోధకుడు ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలిపి క్రిందికి దుముకుమనెను. అక్కడ చేతికి పని లేదు, కాలికి పని లేదు, ఆగిపోవుటకు తావు లేదు. అది దేవుని నిర్బంధపెట్టు అడుగు గనుక ప్రభువు దానిని నిరాకరించెను. దుముకువాడు దేవుని శోధించును. ఎక్కువాడు దేవునికొరకు కనిపెట్టును. పైకి రెండును సాహసములుగానే కనబడును గనుక, సంఘములో వీటిని వేరుపరచి చూచుట అవసరము.

5. పేరులేని సహచరుడు

ఆయుధములు మోయువాని పేరు గ్రంథములో లేదు. అతడు పలికిన మాట మాత్రము ఉన్నది: నీ మనస్సులో ఉన్నదంతయు చేయుము, నేను నీతో ఉన్నాను అను భావము. అతడు ఫలితమునుగూర్చి నిశ్చయము అడుగలేదు. ముందువాని మడమను చూచుచు వెనుక ఎక్కెను. పైన యోనాతాను శత్రువులను పడగొట్టగా, వెనుక వచ్చినవాడు పని ముగించెను. ఆ మొదటి దెబ్బలో పడినవారు సుమారు ఇరువదిమంది. తరువాత భూమి అదిరెను, దండు కలవరపడెను. కార్యము చేసినవాడు యెహోవాయే అని గ్రంథము ముగించుచున్నది.

క్రింద సౌలు ఏమి చేయుచుండెను? దేవుని చిత్తము విచారింప మొదలుపెట్టి, శత్రువుల గలిబిలి పెరుగగానే, నీ చెయ్యి వెనుకకు తీయుమని యాజకునితో అనెను. ఒక చెయ్యి రాతిని పట్టి దేవునికొరకు కనిపెట్టెను. ఇంకొక చెయ్యి విచారణ మధ్యలోనే వెనుకకు తీయబడెను. అదే దినమున సౌలు అనాలోచితముగా ఒట్టు పెట్టి, తేనె రుచిచూచిన తన కుమారునికే మరణదండన విధింపబూనెను. ‘ఏమో’ అనలేనివాడు ఒట్టు పెట్టుకొనును.

6. ఇంకొక కొండ

పాఠమును ఇక్కడ ముగించినయెడల అది సగము సత్యమే అగును. కొన్ని సంవత్సరములకు పిమ్మట యోనాతాను ఇంకొక కొండమీద, గిల్బోవలో, అదే ఫిలిష్తీయుల చేత హతుడాయెను. మిక్మషులో రక్షించిన దేవుడు గిల్బోవలో శక్తిహీనుడు కాలేదు. యోనాతాను విశ్వాసము తగ్గెనని గ్రంథము ఎక్కడను చెప్పదు. గట్టు ఎక్కువారందరును పైకి చేరుదురను వాగ్దానము ఎన్నడును ఇయ్యబడలేదు. అతడు మొదటి దినముననే ‘ఏమో’ అనెను గదా.

ఆ రెండు కొండల నడుమ అతడు చేసిన ఒక పని మరువరానిది. సౌలు తరుముచుండగా జీఫు అరణ్యములో దాగియున్న దావీదునొద్దకు అతడు వెళ్లెను. రాజ్యము తనకు రాదని ఎరిగియే వెళ్లెను. అక్కడ హెబ్రీ మూలములో ఉన్నది: దేవునియందు అతని ‘చేతిని’ బలపరచెను. అనేక అనువాదములలో ‘చెయ్యి’ అను మాట కనబడదు. రాతిని పట్టి పైకి వెళ్లిన చెయ్యి, ఇప్పుడు జారిపోవుచున్న స్నేహితుని చెయ్యి పట్టుకొనెను.

వైద్యశాల లేని మన్యమునకు పోవలెనా అని ఆలోచించు యౌవన నర్సు, పదిమంది మాత్రమే మిగిలిన గ్రామసంఘమునకు పిలువబడిన కాపరి, త్రాగుబోతైన కుమారుని ఇంకొకసారి ఇంటికి రానిచ్చు తల్లి: వీరిలో ఎవరికిని ముందుగా నిశ్చయపత్రము దొరకదు. అది దొరకువరకు దానిమ్మచెట్టు క్రింద కూర్చుందుమనువారికి నీడకు కొదువ లేదు. లేచువానికి ఉన్నది ఇంతే: అడ్డములేని దేవుడు, ప్రక్కన ఒక తోడు, చేతికి అందునంత దూరములో తరువాతి రాయి. అది చాలును.

ఆలోచనకు ప్రశ్నలు

1. దేవుని శక్తినిగూర్చిన నిశ్చయమును, ఫలితమునుగూర్చిన నిశ్చయమును మీరు ఎప్పుడైనను ఒకటిగా కలిపివేసిరా? అందువలన ఏమి జరిగెను?
2. దుముకుటకును ఎక్కుటకును గల భేదమును మీ సంఘపు ఇటీవలి తీర్మానములలో ఒకదానికి అన్వయించి చూడుడి.
3. మీ ప్రాంతములో ఇప్పుడు ఎవరి చెయ్యి జారుచున్నది? ఈ వారములో వారియొద్దకు పోవు దారి ఏది?