డిస్కు తిరుగుతోంది, ఫైళ్లేవి?

కంప్యూటరుకు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తగిలించారు. దాని మీది చిన్న దీపం వెలిగింది. కాని తెర మీద డిస్కు పేరే లేదు. అందులో నాలుగేళ్ల ఫోటోలున్నాయి, వాటికి మరో ప్రతి లేదు. ఏం చేయాలి? కనిపించిన బటనల్లా నొక్కే ముందు, ఆ పెట్టెలో ఏం జరుగుతుందో తెలుసుకుందాం.

లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలుంటాయి. వాటిపై అయస్కాంత పదార్థం పలుచగా పూసి ఉంటుంది. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్కులో రెండడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలే! నేటి చిన్న డిస్కుల్లో పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతాయి. చదివే 'హెడ్' పళ్లేన్ని తాకదు. కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలుతుంది. మన తలవెంట్రుక మందం అంతకు వేల రెట్లు.

డిస్కు తెరుచుకోవాలంటే ముందు పళ్లేలు తిరగాలి. తర్వాత కంప్యూటరు దాన్ని గుర్తించాలి. ఆపైన డిస్కులోని విషయసూచిక చదివి, ఏ ఫైలు ఎక్కడుందో తెలుసుకోవాలి. ఈ చివరి పనినే 'మౌంట్' చేయడం అంటారు. ఒకప్పుడు ఆపరేటరు టేపు చుట్టను చేత్తో యంత్రానికి ఎక్కించేవాడు. ఆ మాటే నేటికీ మిగిలింది.

ముందు చెవి ఒగ్గి వినండి. సన్నని రొద వస్తే పళ్లేలు తిరుగుతున్నట్టే. ఏ చప్పుడూ లేకపోతే కరెంటు చాలడం లేదేమో. యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి పరికరం తీసుకోదగింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 నుంచి 900. ఆగి ఉన్న పళ్లేన్ని కదిలించడానికి ఎక్కువ కరెంటు కావాలి. సైకిలు తొక్కడం మొదట్లోనే కదా కష్టం! కనుక హబ్బు తీసేసి డిస్కును నేరుగా కంప్యూటరుకే తగిలించండి. కేబులు కూడా మార్చి చూడండి. కొన్ని చార్జింగు కేబుళ్లలో సమాచారం మోసే తీగలే ఉండవు. దీపం వెలుగుతుంది, డిస్కు కనిపించదు.

రొదకు బదులు 'టక్, టక్' అని వినిపిస్తోందా? హెడ్ తన దారి గుర్తులు వెదికి, దొరకక వెనక్కి వస్తోందన్నమాట. వెంటనే కరెంటు తీసేయండి. మూత విప్పకండి, అంత ఇరుకు సందులో దుమ్ము రేణువు కొండరాయితో సమానం. ఫ్రీజరులో పెట్టమనే సలహా కూడా వినకండి, పళ్లేలకు చెమ్మ పడుతుంది. ఇక అది నిపుణుల పని.

చప్పుడు మామూలుగా ఉంటే విండోస్‌లో 'డిస్క్ మేనేజ్‌మెంట్', మాక్‌లో 'డిస్క్ యుటిలిటీ' తెరవండి. మౌంట్ కాని డిస్కులూ అక్కడ కనిపిస్తాయి. డిస్కు సరైన పరిమాణంతో కనిపిస్తే సగం గండం గడిచినట్టే. ఒక్కోసారి దానికి ఇ, ఎఫ్ వంటి అక్షరం కేటాయించడమే తరువాయి. మాక్ పద్ధతిలో రాసిన డిస్కయితే విండోస్ దాన్ని తనంతట తాను చదవలేదు. మాక్‌కే తగిలించి చూడాలి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 'ఫార్మాట్ చేయమంటారా?' అని కంప్యూటరు మర్యాదగా అడుగుతుంది. వద్దనండి! గ్రంథాలయంలో జాబితా చిరిగినా పుస్తకాలు బీరువాల్లోనే ఉంటాయి. ఫార్మాట్ చేస్తే ఖాళీ జాబితా ఒకటి తయారవుతుంది, ఆపైన పాత పుస్తకాల చోట కొత్తవి వచ్చి కూర్చుంటాయి. మరమ్మతు ప్రోగ్రాములు కూడా జాబితాను దిద్దుతాయి కనుక, ముందు డిస్కు మొత్తానికి నకలు తీయించడం మేలు.

జాబితా ఎందుకు చిరుగుతుంది? కంప్యూటరు రాయవలసినదంతా అప్పటికప్పుడు రాయదు; కొంత జ్ఞాపకంలో దాచుకుని తర్వాత రాస్తుంది. 'ఎజెక్ట్' నొక్కితే ఆ మిగులు రాసి ముగిస్తుంది. నొక్కకుండా కేబులు లాగితే, సగం రాసిన వాక్యం సగంలోనే ఆగిపోతుంది.