వాన లెక్కే వర్తకుని లెక్క: డాక్టర్ హనుమంతరావు పరిశోధన చెప్పే పాఠం

మెదక్: ధర పెరిగితే వర్తకునికి లాభం, పడిపోతే నష్టం అని పైకి అనిపిస్తుంది. మెట్ట పంటలపై ఆధారపడిన కేంద్రాల్లో ఈ లెక్క అన్ని వేళలా నిలవదు. ధరకన్నా ముందు యార్డుకు సరకు రావాలి. సరకు రావాలంటే వాన కురవాలి. వానకూ దిగుబడికీ గల ఈ సంబంధాన్ని అంకెలతో పరిశీలించిన ఆర్థికవేత్తల్లో డాక్టర్ సి.హెచ్. హనుమంతరావు ముఖ్యులు. కేంద్ర ప్రభుత్వం 2004లో ఆయనకు పద్మభూషణ్ పురస్కారం ఇచ్చింది.

హనుమంతరావు 1929లో కరీంనగర్ జిల్లాలో జన్మించారు. ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్‌లో చాలాకాలం పరిశోధన సాగించి, ఆ సంస్థకు సంచాలకులయ్యారు. 7వ, 8వ ఆర్థిక సంఘాల్లో సభ్యులుగా ఉన్నారు. 1982 నుంచి 1986 వరకు ప్రణాళికా సంఘంలో పనిచేశారు. హైదరాబాదులోని ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రానికి అధ్యక్షత వహించారు. ఇన్ని పదవులు నిర్వహించినా ఆయన దృష్టి ఎప్పుడూ నీటివసతి లేని భూములను, వాటిని నమ్ముకున్న రైతులను వదిలిపోలేదు.

సుశాంత రే, కె. సుబ్బారావులతో కలిసి ఆయన రాసిన ‘అన్‌స్టేబుల్ అగ్రికల్చర్ అండ్ డ్రాట్స్’ అనే గ్రంథం 1988లో వెలువడింది. హరిత విప్లవం తర్వాత దేశంలో ఆహారధాన్యాల దిగుబడి పెరిగింది. అయితే వాన తగ్గిన ఏడు దిగుబడి పడిపోయే తీరు కూడా పెరిగిందన్నది అందులోని ముఖ్యాంశం. దీనికి కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కొత్త వంగడం, ఎరువు, నీరు మూడూ కలిస్తేనే ఫలితం. అదనున పదును ఉంటే వేసిన ఎరువు గింజగా మారుతుంది, లేకుంటే పెట్టిన డబ్బు మట్టిపాలవుతుంది. అందువల్ల మంచి ఏడాదికీ చెడ్డ ఏడాదికీ మధ్య అంతరం పెరుగుతుంది.

ఈ అంతరం వర్తకుని పద్దుల్లోకి ఎలా వస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఒక అడ్తిదారుకు మామూలు ఏడు 1,000 క్వింటాళ్ల మక్కలు వస్తాయనుకుందాం. ధర క్వింటాలుకు రూ. 2,000, కమీషన్ నూటికి రూ. 2 అయితే అతనికి ముట్టేది రూ. 40,000. వాన తప్పి సరకు 600 క్వింటాళ్లకు తగ్గి, ధర రూ. 2,400కు పెరిగిందనుకుంటే కమీషన్ రూ. 28,800 మాత్రమే. ధర బిగువుగా ఉన్నా ఆదాయం నూటికి 28 వంతులు తగ్గినట్టే. పైగా ధర అంత పెరుగుతుందన్న భరోసా లేదు. ఇతర ప్రాంతాల్లో పంట బాగుంటే కోళ్ల దాణా మిల్లులు అక్కడినుంచే సరకు తెప్పించుకుంటాయి.

అసలు చిక్కు అప్పుల్లో ఉంది. కొత్త వంగడానికి పెట్టుబడి ఎక్కువ, కనుక రైతుకు ఇచ్చే అడ్వాన్సు కూడా ఎక్కువే. వాన తప్పిన ఏడాదే కమీషన్ తగ్గుతుంది, ఆ ఏడాదే బాకీలు నిలిచిపోతాయి. రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయి. రైతు గుమ్మంలోకి వచ్చిన కరువు నెల తిరగకుండా దుకాణం గల్లాపెట్టె దగ్గరకు వస్తుంది.

మెదక్ చుట్టుపక్కల పరిస్థితి అంతటా ఒకటి కాదు. మంజీరపై 1905లో పూర్తయిన ఘనపూర్ ఆనకట్ట కింద మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువలు వరి పొలాలకు నీరందిస్తాయి. అయితే ఆ నీటికి కూడా ఎగువన ఉన్న సింగూరు మీద ఆధారపడాలి. 2015 కరువులో సింగూరు అడుగంటింది. కాలువ అందని చోట చెరువులు, బోర్లు, ఆపైన కేవలం వానే దిక్కు.

దీనికి పరిష్కారం కూడా హనుమంతరావు సూచించారు. కరువు ప్రాంతాల పథకాలపై ఆయన అధ్యక్షతన ఏర్పడిన సాంకేతిక సంఘం 1994లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా రూపొందిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా తీసుకుని, పడిన వానను పడిన చోటనే నిలపడం, ఆ పనిని గ్రామస్థులచేతనే చేయించడం వీటి సారాంశం. చెక్‌డ్యాములు, గట్లు, చెరువుల పూడికతీత రైతుల వ్యవహారమని వర్తకులు ఊరుకోవడం తగదు. యార్డుకు ఏటా నిలకడగా సరకు రావడానికి అవే ఆధారం.

ఈలోగా చేయదగిన పని ఒకటుంది. బాకీల పుస్తకంలో కాలువ కింది సాగు, బోరు లేదా చెరువు కింది సాగు, వానాధారపు సాగు అని మూడు పద్దులు వేరుగా రాసుకుంటే, ఏ మొత్తం ఎంత వాన మీద నిలబడి ఉందో సీజనుకు ముందే తెలుస్తుంది. మూడో పద్దు మొదటి రెండింటినీ మించిన దుకాణానికి ధరల పట్టికకన్నా వానల పట్టికే ముఖ్యం.