ల్యాప్‌టాప్ మరమ్మతు - వారంటీ హక్కు

పత్తి అమ్మిన సొమ్ముతో కుమార్తె డిగ్రీ చదువునకై ల్యాప్‌టాప్ కొన్న రైతు ఒకరు ఇటీవల మమ్ము కలిసికొనిరి. ఏడాది వారంటీ గల ఆ యంత్రము ఎనిమిదవ నెలలోనే చెడి, గంటకొకసారి నీలితెర చూపి ఆగిపోవుచుండెను. సర్వీసు సెంటరువారు దానిని పది దినములుంచుకొని, లోపల తడి తగిలినదనియు, వారంటీ వర్తింపదనియు నోటిమాటగా చెప్పి, మరమ్మతునకు 19 వేల రూపాయలడిగిరి. అమ్మాయి ప్రాజెక్టు సమర్పించుటకు నెల గడువే యుండెను.

ఆయన చేతిలో బిల్లు తప్ప మరే కాగితమును లేదు. ఆ బిల్లు మీది అక్షరములును సగము మాసిపోయినవి. (ఇట్టి బిల్లుకు కొన్ననాడే జెరాక్సు తీయించుట మేలు.)

యంత్రము ఆగిపోవుటకు కారణములు పెక్కు. పరుపుపై నుంచి వాడినచో గాలిరంధ్రములు మూసికొనిపోయి, వేడి హెచ్చి, చెప్పక చేయక ఆరిపోవును. బల్లపై నుంచి, దుమ్ము తుడిచినంతనే ఇది సరిపడవచ్చును. నీలితెర వచ్చినచో మెమరీలోనో, డిస్కులోనో, డ్రైవరు ప్రోగ్రాములోనో దోషముండవచ్చును. తెరపై కనబడు సంకేతమును సెల్‌ఫోనుతో ఫొటో తీసి యుంచవలెను. మరమ్మతున కిచ్చుటకు ముందు ఫైళ్లను పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొనవలెను. సెంటరులో డిస్కును తుడిచివేయుట కద్దు. మరలు మాత్రము మనము విప్పరాదు. నిరాకరణకు అదియొక సాకగును.

ఇక తడి మాట. కొన్ని యంత్రముల లోపల, నీరు తగిలిన ఎర్రబడు చిన్న తెల్లచీటీ అంటించబడి యుండును. అది ఎర్రబడినచో తడి తగిలినదనుటకు గుర్తే. కాని యంత్రము ఆగిపోవుటకు ఆ తడియే కారణమని అదొక్కటే ఋజువు చేయజాలదు. కావున ఆ చీటీ ఫొటోను, నిరాకరణకు కారణమును వ్రాతమూలముగా అడుగవలెను. అసలు యంత్రము అప్పగించునాడే జాబ్‌షీటు తీసికొని, అందు సీరియల్ నంబరును, మనము చెప్పిన దోషమును, పైకి దెబ్బ గాని తడి గాని కనబడుటలేదను మాటను వ్రాయించి యుండిన, ఈ రైతునకు ఇంత చిక్కు వచ్చియుండదు.

కంపెనీ వినకున్నచో 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. ఇది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము; తెలుగులోనే మాటలాడవచ్చును. వీరు కంపెనీకి ఫిర్యాదు పంపి రాజీకి యత్నింతురే కాని తీర్పు చెప్పరు. తీర్పునకు జిల్లా వినియోగదారుల కమిషన్ గలదు. 2019 నాటి చట్టము ప్రకారము, మన నివాసమున్న జిల్లాలోనే, ప్లీడరు లేకయే, రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. అవసరమైనచో కమిషన్‌వారు వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్షింపజేయుదురు. లోపము సవరింపుమనియో, క్రొత్తది ఇమ్మనియో, సొమ్ము వాపసు చేయుమనియో ఆజ్ఞాపించు అధికారము వారికి గలదు.

మేము ఆ రైతుచేత కంపెనీకిని, అమ్మిన దుకాణమునకును ఒకే ఉత్తరము వ్రాయించి, స్పీడ్‌పోస్టులో పంపించితిమి. అందున్నవి మూడే మాటలు: కొన్న తేదీ, దోషము, 15 దినములలో వ్రాతమూలముగా కారణము తెలుపవలెనని కోరిక. అమ్మాయి అంతవరకు కళాశాల ల్యాబులో పని సాగించినది. తొమ్మిదవనాడు సెంటరునుండి, యంత్రమును మరల తీసికొనిరమ్మని ఫోను వచ్చెను. ఈసారి ఆయన జాబ్‌షీటు చేత పుచ్చుకొనియే బయటికి వచ్చిరి.