పట్టును విడుపును

అలియాబాదు అనగానే హైదరాబాదు పాతబస్తీవారికి ఒకప్పటి నగరప్రాకారమునకు దక్షిణమున నుండిన దర్వాజా జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పబోవు అలియాబాదు అది కాదు. రాజీవ్ రహదారిపై శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు పోవుచుండగా తగులు ఊరు మాది. ఒకప్పుడు ద్రాక్షపందిళ్లకు పేరుబడిన ఈ ప్రాంతము నా కన్నులయెదుటనే ఔషధపరిశోధనాలయములకును, ప్రహరీలు మాత్రమే లేచి ఇండ్లింకను లేవని ప్లాట్లకును నిలయమైనది. పగలెల్ల ఇటుకల లారీలు, ఇసుక ట్రాక్టర్లు. ఎటు చూచినను ఎవరో ఒకరు ఏదో ఒకటి కట్టుచునే యుందురు. ఇన్ని కట్టడముల నడుమ, ఉద్యోగవిరమణానంతరము తోచుబడి కాక, నేనును వరండాలో బల్ల వేసికొని ఒక తాజమహలు కట్టితిని. అది జానెడు వెడల్పు, జానెడు ఎత్తు.

విదేశమునుండి వచ్చిన మా మేనల్లుడు తెచ్చి యిచ్చిన పెట్టె యది. బొమ్మయిటుకలు చేయు లెగో సంస్థవారు 2021లో వెలువరించినది. లోపల 2,022 ముక్కలు, అంకెలు వేసిన సంచులు, ఒక సూచనల పుస్తకము. "ఈ వయసున బొమ్మలాటలా?" అని మా యింటావిడ నవ్వినది గాని, నాలుగు దినములలో ఆమెయే బల్ల దగ్గరకు వచ్చి, "ఆ తెల్లముక్క ఇటు పడినదండీ" అని వెదకి యిచ్చుట మొదలుపెట్టినది. అడుగున అరుగు లేచెను. భూగృహము అమరెను, అందు రెండు సమాధులును అమరెను. గోడలు లేచెను. పెద్ద గుమ్మటమును దింపబోవునప్పటికి అది కూర్చుండలేదు.

కారణము తెలిసికొనుటకు ఒక పూట పట్టినది. అరుగు వేయునాడే ఒక పలుచని పలక, ముక్కలపై నుండు బుడిపెలలో ఒక్క బుడిపె మేర మాత్రము, పక్కకు జరిగియుండెను. ఆ మీద కట్టిన ప్రతి వరుసయు ఆ తప్పును తనలో ఇముడ్చుకొని, కంటికి ఆనకుండ మోసికొని వచ్చి, కడపట గుమ్మటము వద్ద బయటపెట్టినది. ఇప్పుడు చేయవలసినదేమో నాకు తెలియును. తెలిసియు రెండు దినములు చేయలేదు. గుమ్మటమును గట్టిగా నొక్కి చూచితిని. అడ్డము వచ్చు ముక్కను తీసివేసి, ఆ కన్నము వెనుకవైపునకు పోవునట్లు త్రిప్పి, అతిథులు ముందునుండియే చూతురు గదా యని సమాధానపడితిని. మనస్సునకు తప్పు దిద్దుకొనుట యందు గల బద్ధకము, తప్పు కప్పుకొనుట యందు ఉండదు. అందులో దాని చాతుర్యము చూడవలసినదే.

పక్క ప్లాటులో ప్రహరీ కట్టుచున్న మేస్త్రి మంచినీళ్లకని వచ్చి, నా ముఖము చూచి, "ఏంది సారూ, గట్ల కూసున్నరు?" అని యడిగెను. సంగతి చెప్పితిని. అతడు ఆ బొమ్మను అటునిటు చూచి, "పొద్దుగాల మేము గూడ ఒక గోడ ఇప్పినం సారూ, గుండు పట్టి చూస్తె ఒంకర పోయింది. మాలు ఆరకముందైతే ఇప్పుడు, ఆరినంకనైతే పలగ్గొట్టుడే. ఇప్పిన ఇటుక మల్ల పనికొస్తది, పలిగింది రాదు" అనెను. చెంబు దించి పోయెను. వ్యక్తిత్వవికాసమును గూర్చి వేదికలపై నేను వినియుండిన ఉపన్యాసములు పెక్కు గలవు. ఈ మాటయంత సూటిగా నాకు తగిలినది వానిలో లేదు.

ఏలయన మాలు ఆరిపోయిన గోడ యొకటి నా వెనుక నున్నది. నేను లెక్కల గుమాస్తాగా పనిచేసిన తొలి సంవత్సరములలో, ఒక మాసాంతమున చిట్టా ఆవర్జాతో సరిపోక స్వల్పమైన తేడా వచ్చినది. వెనుకకు పోయి ప్రతి పద్దును పరిశీలించినచో ఒక సాయంకాలపు పని. నేను ఆ తేడాను సస్పెన్సు ఖాతాలో వేసి, తరువాత చూతము లెమ్మని యింటికి పోయితిని. ఆ ఖాతా యట్టి తేడాలను తాత్కాలికముగా నుంచుటకు ఏర్పడినదే గాని, మరచిపోవుటకు కాదు. ఆరు నెలల పిమ్మట ఆడిటువారు వచ్చినపుడు ఆ చిన్న తేడా వెనుక, పరస్పరము కప్పిపుచ్చుకొన్న రెండు పెద్ద పొరపాట్లు బయటపడినవి, రెండును నావే. దానిని విప్పుటకు పదునొకండు దినములు పట్టినది. అదియు విప్పుట కాదు, మేస్త్రి మాటలో చెప్పవలెనన్న పలగ్గొట్టుటయే.

ఈ బొమ్మయిటుక పుట్టుపూర్వోత్తరములు చూచినను, ఆశ్చర్యముగా, దాని ప్రతిభ యంతయు విడుపులోనే యున్నది. డెన్మార్కు దేశమున బిల్లుండు అను పల్లెలో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి 1932లో కొయ్యబొమ్మల పని మొదలుపెట్టెను. బాగుగా ఆడుకొనుమను అర్థము గల డేనిష్ మాటలనుండి లెగో అను పేరు కూర్చుకొనెను. అతని కుమారుడు గోట్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న నేటి రూపముగల ఇటుకకు హక్కుపత్రము కోరుచు దరఖాస్తు చేసెను. పైన బుడిపెలు, లోపల గొట్టములు. బుడిపె గొట్టమునకును గోడకును నడుమ ఒరసికొని బిగియును. బిగింపు మరీ తక్కువైన కట్టడము నిలువదు. మరీ ఎక్కువైన పసివాని వ్రేళ్లకు ఊడదు. ఈ రెంటి నడుమనున్న సన్నని గీతను పట్టుకొనుటయే వారి విద్య. పట్టువిడుపులు గల మనిషి యని మనవారు మెచ్చుకొను గుణము ఒక ప్లాస్టికు ముక్కలో మూర్తీభవించినట్లున్నది. నాటి ఇటుక నేటి ఇటుకతో ఇప్పటికిని కలియును. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు తీసికొనిన 91,51,03,765 విధముల కూర్పవచ్చునట. ఊడదీయ వీలులేకున్న వానిలో ఒక్క విధమే మనకు దక్కును.

ప్రసిద్ధ భవనముల నమూనాలకు ఈ ఇటుకలలో ప్రత్యేకముగా ఒక వరుస ఏర్పడినది 2008లో. షికాగో నగరపు వాస్తుశిల్పి ఆడమ్ రీడ్ టక్కర్ ప్రోద్బలముతో ఆ వరుస మొదలైనది. నూటికి పైగా అంతస్తులు గల సియర్స్ టవరు అందు 69 ముక్కలలో ఒదిగినది. మరుసటి యేట ఫ్రాంక్ లాయిడ్ రైట్ సెలయేటిపై నిర్మించిన ఫాలింగ్‌వాటర్ భవనము వచ్చినది. ఇందొక చమత్కారము గలదు. రైట్ పసివాడుగా నున్నపుడు, 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనశాలలో అతని తల్లి జర్మను విద్యావేత్త ఫ్రోబెల్ రూపొందించిన కొయ్యదిమ్మెలను చూచి, కొడుకునకు తెచ్చి యిచ్చెను. ఆ దిమ్మెలతో ఆడించు పద్ధతిలో, కట్టినదానిని చేత్తో కొట్టి కూల్చుట గాక, ఒక రూపమును కొంచెము కొంచెముగా జరుపుచు మరొక రూపముగా మార్చుట నేర్పుదురు. ఆ దిమ్మెల స్పర్శ తన వ్రేళ్లను విడువలేదని రైట్ వార్ధక్యములో గూడ చెప్పుకొనెను.

ఇక సంగ్రాహకులలో నాకు నచ్చని తెగ యొకటి గలదు, చెప్పక తప్పదు. పెట్టెలు కొందురు, విప్పరు. ఉత్పత్తి నిలిచిపోయిన నమూనాకు ధర పెరుగును గనుక అటకపై దాచుదురు. 2008లో వచ్చిన పెద్ద తాజమహలు 5,922 ముక్కలది; అమ్మకము నిలిచిన పిమ్మట దానికి లేని విలువ వచ్చినది. 2017లో సంస్థవారు అదే నమూనాను ఒక్క ముక్క మాత్రము హెచ్చుగా, మరల విడుదల చేసిరి. దాచినవారి ముఖములు ఆనాడెట్లుండెనో ఊహించుకొనుడు. వారి ప్రక్కనే, కట్టి జిగురు పెట్టువారును గలరు. వారు వీరికన్న మేలని నేననలేను. ఒకరికి పట్టు తెలియదు, మరొకరికి విడుపు తెలియదు.

నిజమైన మహానిర్మాణములు ఇంత బిగువుగా లేవు. 2022లో 10,001 ముక్కల నమూనాగా వచ్చిన ఈఫిల్ గోపురమునే చూడుడు: 18,038 ఇనుపభాగములను కర్మాగారమున ముందే సిద్ధముచేసి, తెచ్చి, 1889 నాటికి నిలబెట్టిరి, ఇరువది యేండ్ల పిమ్మట ఊడదీయుటకు అనుకూలముగా నుండవలెననునది నాటి నియమము. తాజమహలు పాలరాతి తొడుగు లోపల నున్నదియు ఇటుకయే. దానికి ఇటుకలతోనే సారువ కట్టిరనియు, ఎవరు ఊడదీసిన ఇటుకలు వారివే యని చక్రవర్తి చాటింపగా జనులు ఒక్క రాత్రిలో సారువనంతయు విప్పుకొని పోయిరనియు జనశ్రుతి. నిజమో కాదో గాని, కథ కట్టినవాడు మనుష్యుల నెరిగినవాడు.

అంత దూరమేల? 1163లో కాకతి రుద్రదేవుడు హనుమకొండలో నెలకొల్పిన వేయిస్తంభముల గుడి కల్యాణమండపము శిథిలావస్థకు వచ్చినపుడు, 2006 ప్రాంతమున దానిని రాయి రాయిగా విప్పిరి. ఒక్కొక్క రాతికి ఒక అంకె. ఆ రాళ్లు ఏండ్లతరబడి ఎండకు ఎండి, వానకు తడిసి ఆవరణలో పడియుండగా, ఇక లేవదు లెమ్మని చప్పరించినవారిలో నేనును ఒకడను. 2024 మార్చిలో ఆ మండపము భక్తులకు తెరువబడినది. విప్పినవాడు బ్రతికి చూడకపోవచ్చును. వ్రాసిన అంకె అతని పక్షమున మాటాడును.

నాగార్జునకొండ సంగతి మరియు గొప్పది. ఇక్ష్వాకుల విజయపురి శిథిలములున్న లోయ, కట్టబోవు ఆనకట్ట వలన కృష్ణలో మునుగునని తేలిన పిమ్మట, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము గారి ఆధ్వర్యవమున తవ్వకములు సాగినవి; 1955 డిసెంబరు 10న ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసెను. ఒకచోట నీరు నిలుపు పని, మరొకచోట నీటికన్న ముందు చేరవలెనను ఆతురత. కొన్ని కట్టడములను విప్పి కొండపైకిని, గట్టున అనుపు వద్దకును చేర్చి తిరిగి నిలిపిరి. తేలేనివానికి చిన్న నమూనాలు చేసిరి. ఆ కొండపైని మ్యూజియమున, మునిగిన ఆ లోయ యొక్క నమూనా ముందు నిలిచినపుడు, చుట్టును నీరున్న దీవిపై నీటి అడుగునున్న పట్టణమును పైనుండి చూచుచున్నానను ఊహకు నా ఒడలు జలదరించినది. శ్రీశైలపు నీటికి లోబడవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును గూడ ఇట్లే విప్పి అలంపురమునకు తెచ్చిరి.

ఈ మూడు తావులందును విప్పుటకు ముందు గుర్తు పెట్టిరి. విప్పుటకును విధ్వంసమునకును భేదమక్కడ నున్నది. మన నిత్యజీవితములో ఒక నిర్ణయము తప్పినపుడు గాని, స్నేహము వంకరపోయినపుడు గాని, రెండు దారులే తోచును: నొక్కి పెట్టుట, లేదా మొత్తము తన్నివేయుట. అంతా నా ఖర్మమని తలపట్టుకొనువాడు తన్నివేయువాడే. ఏ వరుసలో, ఏ దినమున, ఏ మాటవద్ద బుడిపె జరిగినదో వెనుకకు నడచి చూచుటకు ఓపిక కావలెను, దానికి మించి, నడుమ వరుసలు సరిగా కట్టినవే యని గుర్తించు న్యాయబుద్ధి కావలెను. అవి తప్పులు కావు. తప్పుపై నిలిచినవి మాత్రమే.

మూడవనాడు నేను పాత దినపత్రిక పరచి, గోడలను ఊడదీసి, తీసిన క్రమముననే ఎడమనుండి కుడికి పేర్చితిని. అరుగు చేరునప్పటికి దీపములు పెట్టు వేళయైనది. పలకను ఒక బుడిపె జరిపితిని. తిరిగి కట్టుటకు పట్టినది మొదటిసారి పట్టిన దానిలో మూడవవంతు. గుమ్మటము వ్రేలితో ముట్టగానే కూర్చున్నది.

వేసవి సెలవులకు వచ్చిన మనుమరాలు దానిని నాలుగు దిక్కులనుండి చూచి, "మంచిగుంది తాతా. ఇది ఇప్పేసి చార్మినార్ కడదామా?" అనెను. నాకు గుండె కలుక్కుమన్నది. చార్మినారునకు నేనెరిగిన పెట్టె లేదనియు, సూచనల పుస్తకము లేదనియు, 1591 నాటి ఆ కట్టడపు తోరణములకు తగిన ముక్కలు ఇందుండవనియు చెప్పితిని. "నాలుగు మినార్లు ఇప్పటికే ఉన్నయి గద!" అని ఆ పిల్ల సమాధానము. నేను లోపలికి పోయి నాలుగు కవర్లు, ఒక పెన్ను తెచ్చి, వానిపై అంకెలు వేయుచు కూర్చుంటిని. నేను రెండవ కవరు చేరకముందే, కట్టునప్పుడు అన్నిటికన్న కడపట నిలిపిన బంగారు కలశమును ఆమె మొదట తీసి నా అరచేతిలో పెట్టినది.